ఉప్పు ఒక తట్టలో, చింతపండు ఒక తట్టలో: కోంటా సంతకు మా ప్రయాణం

పోయిన నెల ఒక అమ్మాయి నాకు సందేశం పంపింది. వాళ్లు నలుగురు స్నేహితులు కలిసి, జనం తమ చేతులతో చేసి చూసే సైన్సు ఆటలు కొన్ని తయారుచేశారట. వాటిని దక్షిణ బస్తర్ సంతల్లో పెట్టి, ఏవి పనిచేస్తాయో, ఏవి పనిచేయవో చూడాలనుకుంటున్నారు. "మీరు ఒకప్పుడు ఇదే పనిమీద కోంటా వెళ్లారని విన్నాం. దారీ, జాగ్రత్తలూ చెప్తారా?" అని అడిగింది. నేను వెళ్లినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. బస్తర్ ఇంకా సంస్థానంగా ఉన్న రోజులవి. నేను వెళ్లిన లాంచీ లేదు, ఎక్కిన బండి లేదు, నాతో వచ్చిన మనిషీ లేడు. ఎనభై దాటాక ఒంటి వేలితో టైపు చేయడం నేర్చుకున్నాను కాబట్టి, నిదానంగానైనా ఆ ప్రయాణమంతా రాస్తాను. పనికొచ్చేది ఆ అమ్మాయే ఏరుకుంటుంది.

నాతో వచ్చిన మనిషి మా అమ్మకు తమ్ముడు, వేంకటాద్రి మామయ్య. రాజమండ్రిలో హైస్కూలు సైన్సు మాస్టారు. ఆయనకు అద్దాల బీరువాల మీద కోపం. సైన్సు సామాను బీరువాలో పెట్టి తాళం వేసి పిల్లలకు దూరం నుంచి చూపిస్తే, అది దేవుడి నగలు చూపించినట్టే ఉంటుంది గాని చదువు కాదనేవాడు. ఆ ఏడు కోంటా నుంచి వీరాస్వామి శెట్టిగారనే వర్తకుడు ఆయనకు ఉత్తరం రాశాడు. వచ్చే ఏడాది కోంటాలో వర్తకులంతా కలిసి మూడురోజుల ప్రదర్శన పెడుతున్నారట. అందులో సైన్సుకు ఒక పాక వేయిస్తామనీ, ఖర్చు తాను పెట్టుకుంటాననీ, ఏం పెట్టాలో చెప్పమనీ అడిగాడు. మామయ్య ఆనందం అంతా ఇంతా కాదు. కాని వెంటనే ఒప్పుకోలేదు. "ముందు సంతలో కూర్చుని పరీక్ష చేసి చూస్తాను. జనం చేతుల్లో నిలిచినవే పాకలో పెడదాం" అని జవాబు రాశాడు. అప్పుడే టీచరు ట్రైనింగు ముగించుకుని ఖాళీగా ఉన్న నన్ను, ఎవరేం చేశారో రాసిపెట్టడానికి వెంట రమ్మన్నాడు. మా నాన్న రెండు రోజులు ఆలోచించి సరేనన్నాడు.

శివరాత్రి వెళ్లిన వారానికి బయల్దేరాం. పొద్దున ఆరింటికి రాజమండ్రి రేవులో లాంచీ. కింది అంతస్తు టికెట్టు మనిషికి రూపాయి పావలా అని గుర్తు. ఒక రేకుపెట్టె, రెండు చాపలు, ఒక అన్నం క్యారేజీ, అదే మా సామాను. కొండల మధ్యకు వచ్చేసరికి గోదావరి సన్నబడి, నల్లబడి, లాంచీ చప్పుడు రెండు ఒడ్లనుంచీ తిరిగి వినిపించడం మొదలైంది. మామయ్య అది వినమని నా భుజం తట్టాడు. ఆ సాయంత్రం ఒక ఇసుకతిన్నె పక్కన లాంచీ ఆపేశారు. మర్నాడు మధ్యాహ్నానికి, శబరి వచ్చి గోదావరిలో కలిసే కూనవరంలో దిగాం. పూటకూళ్లావిడ ఇంట్లో మూడణాలకు భోజనం, అరుగుమీద పడక. ఇప్పుడు వెళ్లేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. భద్రాచలంలో బస్సెక్కితే చింతూరు మీదుగా రెండు, రెండున్నర గంటల్లో కోంటా చేరుస్తుంది. మాకు రాజమండ్రి నుంచి నాలుగు రోజులు పట్టింది.

కూనవరం నుంచి ఎడ్లబండి కట్టించుకున్నాం. రెండు రోజులకు, ఎడ్ల మేతతో కలిపి నాలుగు రూపాయలు. బండి తోలే ముత్తయ్య కోంటా దగ్గరివాడే. తోవంతా శబరి కుడిచేతివైపు చెట్ల సందుల్లోంచి కనిపిస్తూ, మాయమవుతూ ఉంది. ఇప్పపూలు రాలే రోజులు కావడంతో అడవంతా తీపి వాసన. బండి కుదిపినప్పుడల్లా రేకుపెట్టె గలగలమంటుంటే ముత్తయ్య ఉండబట్టలేక అడిగాడు.

"ఏందమ్మా ఆ పెట్టెల? గిన్నెలా?"

"ఆటలు" అన్నాను.

"పిల్లలకా?"

"కాదు, పెద్దవాళ్లకే."

ముత్తయ్య ఎడ్లను అదిలించి, "పెద్దోళ్లు ఆడుకునేదానికి కోంటా దాకా పోవాల్నా?" అన్నాడు. మామయ్య పడిపడి నవ్వి, నా చేతిలో నోటుపుస్తకం తీసుకుని ఆ మాట మొదటి పేజీలో రాశాడు. పరీక్ష మొదలైందన్నాడు.

నాలుగో రోజు పొద్దున సంస్థానం సరిహద్దులో, సామాను తనిఖీ చేసే నాకా దగ్గర బండి ఆపారు. కావలివాడు పెట్టె తెరిపించి హిందీలో ఏవో ప్రశ్నలు వేశాడు. మాకు రాదు. ముత్తయ్యకు తెలుగు, దొర్లి, గోండి, హిందీ అన్నీ వచ్చు. అతనే సర్దిచెప్పాడు. మామయ్య సూదంటురాయి తీసి కావలివాడి నడుంపట్టీ ఇనుపబిళ్ల దగ్గర పెడితే అది ఠప్పున అతుక్కుంది. అతను ఒక్క గంతు వెనక్కి వేసి, మళ్లీ తనే ముందుకొచ్చి, దాన్ని లాగి, మళ్లీ అంటించి, మమ్మల్ని పావుగంట నిలబెట్టి గాని వదల్లేదు.

శెట్టిగారి ఇల్లూ దుకాణమూ ఒకటే. ముందు పెంకుల వసారా, అందులో దుకాణం; వెనక ఇల్లు. వాళ్ల తాతల కాలంలో గోదావరి ఒడ్డునుంచి ఉప్పు పడవలతో వచ్చి అక్కడే స్థిరపడ్డారు. మనిషి భారీగా, మాట మెత్తగా ఉండేవాడు. మేము దిగగానే వేడినీళ్లు పెట్టించాడు. ఆయన భార్య రాజమ్మగారు కందిపప్పు, గోంగూర పచ్చడి, గడ్డపెరుగుతో అన్నం పెట్టి, నా జడ విప్పి తనే దువ్వింది. చాలా రోజులకు సొంత ఊరి మాట విన్నానని అన్నది. వసారా మధ్య దూలానికి ఇత్తడి తక్కెడ వేలాడుతోంది. అక్కడ దాన్ని తరాజు అంటారు. "మా నాయన తెచ్చింది పంతులుగారూ, దీనిమీదనే మేమందరం పెరిగినం" అని శెట్టిగారు దాని కాడను, తట్టలు వేలాడే అడ్డకడ్డీని, చేత్తో తుడిచి చూపించాడు.

మర్నాడు సంత. తెల్లారేసరికే మనుషులు వరసలు వరసలుగా రావడం మొదలుపెట్టారు. ఆడవాళ్ల నెత్తిన బుట్టలు, మగవాళ్ల భుజాన కావళ్లు. చింతపండు, ఇప్పపువ్వు, సారపప్పు, తేనె, చీపుర్లు. తిరిగి వెళ్లేటప్పుడు వాళ్లు తీసుకెళ్లేది ముఖ్యంగా ఉప్పు. డబ్బు చేతులు మారడం నాకు పెద్దగా కనిపించలేదు. ఒక తట్టలో చింతపండు, రెండో తట్టలో ఉప్పు, కాడ సమంగా నిలిస్తే బేరం అయిపోయినట్టే. "బరాబర్" అని ఒక్క మాట అనేవాళ్లు, ఇద్దరూ.

శెట్టిగారి వసారా ముందు చెట్టు నీడ పడేచోట చాప పరిచాం. మామయ్య పద్ధతి చాలా కచ్చితం. మూడు ఆటలు. ఒక్కోదానికి కావలసిన సామాను, చేసి పెట్టిన నమూనా ఒకటి పక్కపక్కన పెట్టాలి. మనం చెప్పకూడదు, చెయ్యి పట్టి చేయించకూడదు. ఎవరు వచ్చారు, దేన్ని ముందు ముట్టుకున్నారు, ఎక్కడ చెయ్యి ఆగింది, ఏం అడిగారు, ఎందుకు లేచిపోయారు, ఇవి నేను రాయాలి. "నోరు తెరిచావంటే పరీక్ష చెడింది సుభద్రా" అని రెండుసార్లు హెచ్చరించాడు.

మొదటిది చీకటిపెట్టె. అట్టపెట్టెకు ఒకవైపు సూదితో పొడిచిన బెజ్జం, రెండోవైపు నూనె పూసిన కాగితం. దుప్పటి కప్పుకుని చూస్తే ఎదుటి బజారంతా ఆ కాగితంమీద తలకిందులుగా కనిపిస్తుంది. రాజమండ్రిలో మామయ్య బడిపిల్లలు దానికోసం కొట్టుకున్నారు. ఇక్కడ ఒక ముసలాయన చాలాసేపు దుప్పట్లో తల దూర్చి ఉండి, బయటికి వచ్చి, పెట్టెను జాగ్రత్తగా చాపమీద పెట్టాడు. "అందరు తలకాయలమీద నడుస్తున్నరు" అన్నాడు. తర్వాత, "దీంతోని ఏం జేస్త?" అని మామయ్యను మర్యాదగానే అడిగి, జవాబు కోసం కాసేపు నిలబడి, వెళ్లిపోయాడు. సొంతంగా ఒకటి చేసుకోవాలని ఎవరికీ అనిపించలేదు. రెండోది నీళ్లమీద సూది. సూదిని సూదంటురాయికి రుద్ది, బెండుముక్కకు గుచ్చి నీళ్లలో వదిలితే ఉత్తరం చూపిస్తుంది. ఒకాయన, "పొద్దు పొడవలేదా ఏంది, దిక్కు తెల్వకపోనీకి?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆడవాళ్లకు మాత్రం ఆ ఆట బాగా నచ్చింది. సూది తీసుకుని, చూసి, కొంగుకు గుచ్చుకుని చక్కగా వెళ్లిపోయేవాళ్లు. పది గంటలకల్లా సూదులన్నీ అయిపోయాయి, దిక్సూచి ఒక్కటి కూడా తయారు కాలేదు. నేను అదే రాశాను. మామయ్య చదివి తల ఊపాడు గాని, ఆయన మొహం చిన్నబోవడం చూశాను. ఎన్నో సాయంత్రాలు కూర్చుని కోసి అతికించిన పెట్టెలవి.

మూడో ఆట తక్కెడ చేసుకోవడం. ఒక కర్ర, దారం, రెండు రేకుమూతలు. ఆ చాప దగ్గర అప్పటిదాకా ఎవరూ కూర్చోలేదు. అప్పుడు నలభై ఏళ్ల ఆవిడ ఒకామె నెత్తిమీది చింతపండు బుట్ట దించి, చెమట తుడుచుకుని, అక్కడే చతికిలబడింది. అక్కడి దొర్ల తెగ రైతుకుటుంబం మనిషి. పేరు కన్నమ్మ అని తర్వాత తెలిసింది. రేకుమూతల్ని వేళ్లతో మోగించి పక్కన పెట్టేసింది. తన బుట్టమీద కప్పిన అడ్డాకులు రెండు తీసి, పుల్లలతో కుట్టి, చిటికెలో రెండు దొప్పలు చేసింది. వాటిని కర్రకు రెండు కొసలా కట్టి, మధ్యలో దారం కట్టి ఎత్తింది. ఒకవైపు వాలింది. దారం కాస్త జరిపింది. సమంగా నిలిచింది. రెండు గులకరాళ్లు వేసి చూసింది, అవీ సమంగానే ఉన్నాయి. సంతోషంగా నా వైపు చూసింది.

అప్పటికి పావుగంట అయింది. పొద్దుటినుంచీ ఒక్క ఆట దగ్గరా ఎవరూ అంతసేపు కూర్చోలేదు. నాకు నోరు ఆగలేదు. ఆమె దొప్పల్లో ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్న దొప్ప తేలికైనా కాడ అటువైపు పొడుగ్గా ఉండి, ఖాళీగా ఉన్నప్పుడు సమానంలా కనిపిస్తోంది. నాకది తెలుస్తూనే ఉంది. "అటుదిటు, ఇటుదటు మార్చి చూడమ్మా" అన్నాను. మామయ్య నా వైపు కోపంగా చూశాడు. కన్నమ్మ రాళ్లు మార్చింది. ఒక దొప్ప కిందికి జారింది. ఆమె నొసలు చిట్లించి, మళ్లీ మార్చింది. సమానం. మళ్లీ మార్చింది. జారింది.

"రాళ్లు అవ్వే గద బిడ్డా. మరి ఇదెందుకు అబద్ధమాడుతుంది?"

ఆ ప్రశ్న వినగానే మామయ్య కోపమంతా పోయింది. ఆయనే వచ్చి ఆమె ఎదురుగా కూర్చుని, కాడ రెండువైపులా బెత్తెతో కొలిచి చూపించాడు. పొడుగువైపు ఉన్నది తక్కువైనా ఎక్కువలా తూగుతుందని చెప్పాడు. ఖాళీ తక్కెడ సమంగా నిలిస్తే చాలదు, తట్టలు మార్చినా నిలవాలని చెప్పాడు. కన్నమ్మ పెద్ద దొప్పను విప్పి, ఆకు చించి, చిన్నదానికి సరిచేసింది. దారం మళ్లీ కట్టింది. పాత రాళ్లు ఇప్పుడు సరిపోలేదు; సరిపడే రాయి వెతికి వేస్తే, ఈసారి మార్చినా నిలిచింది. అప్పటికి చుట్టూ ఐదారుగురు ఆడవాళ్లు చేరి తమకూ కర్రలు కావాలంటున్నారు. నేను రాయలేనంత వేగంగా చేతులు ఆడుతున్నాయి. మామయ్య ఆనందంతో చెమటలు పట్టి, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "ఇదీ, ఇదీ" అని నాతో అన్నాడు.

కన్నమ్మ తన తక్కెడను బుట్టలో పెట్టుకుని, చింతపండు ఎత్తుకుని, నాలుగడుగులు వేసి శెట్టిగారి వసారా ఎక్కింది. శెట్టిగారు ఎడమ తట్టలో చింతపండు పోయించి, కుడితట్టలో ఉప్పు వేస్తూ పోయాడు. కాడ సమంగా నిలిచింది. "బరాబర్" అన్నాడు. కన్నమ్మ ఆ మాట అనలేదు.

"తట్టలు మార్చు సావుకారీ" అంది.

శెట్టిగారు నవ్వాడు. మా ఆట ఆయనకూ ముచ్చటగానే ఉన్నట్టుంది. మాకేసి ఒకసారి చూసి, తనే ఉప్పు ఎడమవైపుకు, చింతపండు కుడివైపుకు మార్చాడు. చింతపండు తట్ట నేలదాకా దిగిపోయింది. ఉప్పు పైకి తేలింది. సమానం చేయడానికి ఇంకా రెండు దోసిళ్ల ఉప్పు పట్టేట్టుంది.

వెనక వరసలో ఉన్నవాళ్లు ముందుకు తొంగిచూశారు. శెట్టిగారు తట్టను వేలితో ఎత్తి వదిలాడు. మళ్లీ దిగిపోయింది. మెడమీద ఎర్రదనం చెవులదాకా పాకింది. మా చాపవైపు తిరిగి, "పంతులుగారూ, మీరు చదువుకున్నోళ్లు. మీరు చెప్పుండ్రి. ఇది ఏంది?" అన్నాడు.

నేను మామయ్య మొహం చూశాను. ముందురోజునుంచీ ఆ ఇంట్లో తిన్న అన్నం, వచ్చే ఏడు వేయబోయే పాక, ఆయన జన్మంతా కలగన్న పని, అన్నీ ఆ మొహంమీద కనిపించాయి. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"గాలి శెట్టిగారూ" అన్నాడు. "నదిమీది గాలి. ఈ గాలికి తూకం తేలదు."

నాకు తలెత్తబుద్ధి కాలేదు. నోటుపుస్తకంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆకు కదలని పొద్దు అది. కన్నమ్మ మాత్రం ఆ మాటను మాటగానే తీసుకుంది. చుట్టూ చూసి, ఇంటి గోడవైపు చెయ్యి చూపించి, "గాలయితే లోపల తూద్దాం పా" అంది.

అందులో ఎగతాళి లేదు, గద్దింపు లేదు. మామయ్య బడిలో పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పిందే అది. అనుమానం దేనిమీద ఉందో దాన్ని తీసేసి మళ్లీ చూడమనడం. శెట్టిగారు తనే దూలం నుంచి తక్కెడ దించి, లోపలి గదిలో కొక్కేనికి తగిలించాడు. రాజమ్మగారు తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. మళ్లీ తూచారు. చింతపండు అలాగే దిగింది, ఉప్పు అలాగే తేలింది.

మామయ్య గడప ఇవతలే నిలబడ్డాడు. అందరికీ వినపడేట్టు, "తప్పు కాడదే శెట్టిగారూ. ఒకవైపు పొడుగుంది. గాలి అన్నది నేనాడిన అబద్ధం" అన్నాడు.

శెట్టిగారు చేతులు రెండూ మోకాళ్లమీద పెట్టుకుని బస్తామీద కూర్చుండిపోయాడు. ఆయన తక్కెడ ఎత్తుకుపోయి తలుపేసుకుంటే ఆ రోజు అంతమంది ఉప్పు లేకుండా ఇళ్లకు పోవాలి. కోంటాలో ఇంకో తక్కెడ వెతుక్కోవాలంటే అదెలాంటిదో ఎవరికి తెలుసు? కన్నమ్మ కూడా అదే ఆలోచించి ఉంటుంది. తన తక్కెడ ఎత్తి చూసింది. అది గులకరాళ్లకు పనికొస్తుంది గాని బుట్టెడు చింతపండుకు ఆకుదొప్పలు ఆగవు. అప్పుడు ఆమె అన్న మాట నాకు ఇవాళ్టికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"సగం ఇటు తూచు సావుకారీ, సగం అటు తూచు. నీకు బరాబర్, నాకు బరాబర్."

కాడ వంకరను రెండు పక్కలా సమంగా పంచేస్తే అది తనంతట తనే కొట్టుకుపోతుంది. లెక్క చేసి చూస్తే ఇంచుమించు సరిగ్గా అంతే వస్తుంది. మామయ్య ఇంజనీరింగు పుస్తకంలో చదివి నేర్చుకున్నదాన్ని, ఆమె గంటసేపు కర్రతో ఆడుకుని కనిపెట్టింది. శెట్టిగారు లేచాడు. తక్కెడను మళ్లీ వసారాలోకి తెచ్చి దూలానికి కట్టాడు. సగం చింతపండు ఎడమతట్టలో, సగం కుడితట్టలో తూచి, ఉప్పు పోసి కన్నమ్మ బుట్ట నింపాడు. ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ అలాగే తూచాడు. పని రెండింతలయింది. మూడు గంటలదాకా ఆయన నీళ్లు కూడా తాగలేదు.

మేము భోజనానికి లోపలికి వెళితే రాజమ్మగారు వడ్డించింది. నేను నోరు మూసుకుని ఉంటే ఈ ఇంటికి ఈ అవమానం వచ్చేది కాదు కదా అని నా మనసు తొలుస్తూనే ఉంది. చివరికి ఆమె నా పక్కన కూర్చుని, "ఆ తరాజుకు ఏటేటా పసుపురాసి బొట్టుపెట్టేది నేనే తల్లీ" అంది. తర్వాత, "నాక్కూడ చూపిస్తవా, ఎట్ల చేస్తరో" అని అడిగింది. వంటింట్లోనే ఆమె కవ్వంకర్రకు రెండు దొప్పలు కట్టి చూపించాను. తట్టలు మార్చడం ఆమే చేసింది, నేను చెప్పకుండానే.

సాయంత్రం ఎండ తగ్గాక, సంత ఖాళీ అయ్యాక, శెట్టిగారు వచ్చి మా చాపమీదే కూర్చున్నాడు. అలసిపోయి ఉన్నాడు. "మా నాయన పోయినంక నేనెన్నడు తట్టలు మార్చలే పంతులుగారూ" అన్నాడు. "మార్చాలని ఎవ్వరు చెప్పలే. చెప్పినా మారుద్దునో లేదో, అది నాకే తెల్వదు." తర్వాత అసలు మాట చెప్పాడు. ప్రదర్శనలో సైన్సు పాక వేస్తాం, చీకటిపెట్టె పెట్టండి, సూదాట పెట్టండి. తక్కెడ మాత్రం వద్దు. "నా దుకాణం సంగతి నేను చూసుకుంట. మిగతా వర్తకులకు నేనేమని చెప్పుకోను? వాళ్లు నన్ను బతకనియ్యరు."

మామయ్య ఒప్పుకుంటాడనే నేను అనుకున్నాను. పాక అంటే ఆయనకు అంత ఇష్టం. ఆయన నోటుపుస్తకం తెరిచి, పేజీలు తిప్పి, "చీకటిపెట్టె ఎవరికీ అక్కర్లేదు శెట్టిగారూ. సూదులు కుట్టుకోవడానికి పట్టుకుపోయారు. మేం పరీక్ష చేయడానికి వచ్చాం. నిలిచింది ఒక్కటే. దాన్ని వదిలేసి మిగతావి పెడితే ఈ పరీక్ష ఎందుకు చేసినట్టు?" అన్నాడు. గొంతులో కోపం లేదు. శెట్టిగారు తల ఊపాడు. మర్నాడు పొద్దున బండి కట్టేటప్పుడు శెట్టిగారే వచ్చి రేకుపెట్టె ఎత్తించాడు. రాజమ్మగారు దారికి పులిహోర కట్టి ఇచ్చింది. ఆ ప్రదర్శనలో మా పాక లేదు.

తిరుగుదారిలో బండిలో మామయ్య నోటుపుస్తకం తీసుకుని తన చేత్తో ఆ రోజు ఫలితం రాశాడు. "తక్కెడ నిలిచింది. నేను గాలి అన్నాను." అంతే రాశాడు. నేను నోరు తెరిచినందుకు తిట్లు తప్పవనుకున్నాను. ఆయన ఆ సంగతే ఎత్తలేదు. చింతూరు దాటాక ఒక్కసారి, "నువ్వు చెప్పకపోయినా ఇంకాసేపట్లో ఆమే మార్చి చూసేది సుభద్రా" అన్నాడు. నన్ను ఓదార్చడానికన్నాడో, నిజంగా అనుకునే అన్నాడో తెలియదు. ఆయనకు పాక వేసే అవకాశం మళ్లీ రాలేదు. తన క్లాసులో అద్దాల బీరువా తలుపులు మాత్రం ఊడదీయించేశాడు. ముప్ఫై ఏళ్లు ఆయన బడిపిల్లలు ఆ సామాను పగలగొడుతూ, అతికిస్తూ నేర్చుకున్నారు.

చాలా ఏళ్లకు, మామయ్య పోయాక, నేను ఒకసారి బస్సులో కోంటా వెళ్లాను. శెట్టిగారి వసారా ఉన్న చోటు కూడా గుర్తుపట్టలేకపోయాను. బస్టాండులో టీ తాగి, నది ఒడ్డున కాసేపు కూర్చుని వచ్చేశాను. ఇరవై ఏళ్ల వయసులో నాకు తెలియలేదు గాని, ఆ నాలుగు రోజుల దారి ఇప్పుడు తలుచుకుంటే ఎంత పెద్ద భాగ్యమో అనిపిస్తుంది. ఒక పెద్దమనిషి తను కన్న కలను రేకుపెట్టెలో పెట్టుకుని, అది తప్పో ఒప్పో తెలుసుకోవడానికి, ముక్కూ మొహం తెలియని మనుషుల ముందు చాప పరుచుకుని కూర్చోవడం నేను కళ్లారా చూశాను. అందరి ముందు అబద్ధమాడటం చూశాను. అందరి ముందే దాన్ని వెనక్కి తీసుకోవడం కూడా చూశాను. నా తర్వాతి జీవితంలో పాఠాలు చెప్పాను, పిల్లల్ని పెంచాను, చాలాసార్లు తప్పాను. తప్పినప్పుడల్లా నాకు గడప ఇవతల నిలబడ్డ ఆయన గుర్తొచ్చి, గొంతు సవరించుకుని నిజం చెప్పడం కొంచెం తేలికయింది. ఈమధ్య ఆయన మొహం మసకబారుతోంది. గొంతు మాత్రం ఇంకా బాగానే వినిపిస్తోంది.

ఆ అమ్మాయికీ, ఆ దారిన వెళ్లే మిగతావాళ్లకూ రెండు మూడు సలహాలు. సంతకు తెల్లారేసరికే చేరండి, ఎవరినీ పావుగంట మించి మీ అంతట మీరు కూర్చోబెట్టకండి. అక్కడికి వచ్చేవాళ్లలో చాలామంది అడవిదారిన నడిచి వచ్చేవాళ్లే. మధ్యాహ్నం దాటితే వాళ్ల కళ్లు పొద్దువైపే ఉంటాయి, చీకటి పడకముందే బరువు మోసుకుని ఇల్లు చేరాలి. మీకోసం ఆగినవాళ్లు ఎంత దూరంనుంచి వచ్చారో ముందు అడగండి.